డిగ్రీలో సైకాలజీ: అపోహలు - వాస్తవాలు

సైకాలజీ పాఠాలు చెప్పేవారిని పెళ్లిళ్లలో ఎవరికైనా పరిచయం చేస్తే, "అయితే నా మనసులో ఏముందో చెప్పండి చూద్దాం" అనే మాట తప్పక వినవలసి వస్తుంది. డిగ్రీలో కొత్తగా చేరే విద్యార్థులలోనూ ఈ ఆశతో వచ్చేవారు కొందరుంటారు.

అపోహ: ఎదుటివారి మనసును చదివేయవచ్చు.

వాస్తవం: 1879లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల నెలకొల్పిన నాటి నుంచి ఈ శాస్త్రం పట్టుబట్టినది కొలవడం మీదనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. రామకృష్ణారావు అతీంద్రియ శక్తులను పరిశోధించే పరామనోవిజ్ఞానానికి శాఖనే నెలకొల్పారు కదా అని ఎవరైనా అడగవచ్చు; అక్కడ సైతం టెలిపతీ (మాట, సైగ లేకుండా ఇతరుల ఆలోచన తెలియడం) వంటివి పరీక్షకు నిలపవలసిన విషయాలే గానీ, విద్యార్థికి అబ్బే విద్యలు కావు.

అపోహ: లెక్కలంటే భయపడేవారికి ఇది అనువైన ఆర్ట్స్ సబ్జెక్టు.

వాస్తవం: విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సమానమైన రెండు గీతలలో ఒకటి పొడవుగా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ ప్రయోగాన్నే తీసుకుంటే, బాణపు మొనలున్న గీతకు, ఈకల వంటి చివరలున్న గీతను సమానంగా జరపమని తోటి విద్యార్థిని కోరి, ప్రతిసారీ ఎన్ని మిల్లీమీటర్లు తప్పాడో రాసుకోవాలి. గీతను ఒకసారి పొడవు నుంచి తగ్గిస్తూ, మరొకసారి పొట్టి నుంచి పెంచుతూ, ఎడమ కుడి స్థానాలను మారుస్తూ చేయించకపోతే ఆ తప్పు భ్రమది కాక చేతి కదలికది కావచ్చు. రెండు గీతలూ సమానమేనని ముందే తెలిసిన విద్యార్థి కూడా పొరబడటం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఆ తరువాత సగటు, దాని నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం, రెండు సగటుల తేడాను తూచే టీ-పరీక్ష, వీటన్నిటితో రికార్డు రాయడం ఉండనే ఉంటాయి.

అపోహ: చదివేదంతా మానసిక రోగాల గురించే.

వాస్తవం: అది ఒక భాగం మాత్రమే, అభ్యసనం, స్మృతి, శిశు వికాసం, సామాజిక ప్రవర్తన మిగిలినవి.

అపోహ: పట్టా చేతికి రాగానే చికిత్స మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: మందులు రాసే సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరువాత ఆ విభాగంలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. సాధారణ బీఏ, బీఎస్సీ పట్టాలతో అది దొరకదు. దశాబ్దాల పాటు దీనికి ప్రధాన మార్గంగా ఉన్నది, పీజీ తరువాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి గుర్తింపు పొందిన సంస్థలో రెండేళ్ల ఎంఫిల్.

అపోహ: రెగ్యులర్‌గా కుదరకపోతే దూరవిద్యలో చదవవచ్చు.

వాస్తవం: 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ విధానాలలో సైకాలజీని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిలిపివేసింది. కనుక ఫీజు కట్టేముందు ఆ కోర్సు ఏ విధానంలో నడుస్తున్నదో, ల్యాబు నిజంగా ఉన్నదో లేదో కళాశాలకు వెళ్లి చూసుకోవాలి.