అర్ధరాత్రి హారర్ హోస్టుల రికార్డులు, కామిక్స్: అపోహలు - వాస్తవాలు

1957లో స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ వాళ్ల పాత సినిమాలు 52 ఒక కట్టగా కట్టి, 'షాక్' పేరుతో అమెరికా టీవీ స్టేషన్లకు అమ్మింది. స్టేషన్ల వాళ్లు తమ దగ్గరున్న అనౌన్సరుకో నటుడికో ముఖాన తెల్ల పౌడరు దట్టించి, శవపేటిక పక్కన నిలబెట్టి, సినిమా మధ్యలో జోకులు వేయించారు. వీళ్లే హారర్ హోస్టులు. వీళ్ల రికార్డులు, కామిక్స్ కొనడం, అమ్మడం నా పని. బేరాల దగ్గర రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టీవీ హోస్టులను చూసే కామిక్స్ వాళ్లు కాపీ కొట్టారు.

జరిగింది ఇందుకు తలకిందులు. లాస్ ఏంజిలిస్‌లో వాంపైరా వేషంలో మైలా నుర్మి హోస్టుగా టీవీలోకి వచ్చింది 'షాక్' కంటే ముందే, 1954లో. ఈసీ కామిక్స్‌లో క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్ 1950 నుంచే కథలు చెబుతున్నారు. వాళ్లకంటే ముందు, 1931లోనే, రేడియోలో ఓల్డ్ నాన్సీ అనే ముసలి మంత్రగత్తె ఉంది. 1954లో కామిక్స్ కోడ్ అనే సెన్సారు నియమావళి వచ్చి ఈసీ హారర్‌కు తెరపడింది. పదేళ్ల తర్వాత వారెన్ సంస్థ 'క్రీపీ'ని నలుపు తెలుపులో, మ్యాగజైన్ సైజులో తెచ్చింది. మ్యాగజైన్‌కు ఆ కోడ్ వర్తించదు మరి. సైజు పెద్దది కాబట్టి, కామిక్స్ దాచుకునే మామూలు ప్లాస్టిక్ కవర్లలో అది పట్టదు, పెద్దవి కొనాలి.

అపోహ: 'డిన్నర్ విత్ డ్రాక్' 45 అంటే అరుదైన సరుకు.

45 అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు, సింగిల్ అనేది దాన్నే. ఫిలడెల్ఫియా హోస్టు జాన్ జాకర్లీ 1958లో కేమియో లేబుల్‌కు పాడిన ఈ పాట బిల్‌బోర్డు పాటల పట్టికలో 6వ స్థానం దాకా వెళ్లింది. అంత అమ్ముడుపోయిన రికార్డు అరుదెలా అవుతుంది? గీతలు పడ్డవి కుప్పలుగా దొరుకుతాయి, శుభ్రంగా ఉన్నది దొరకడమే కష్టం. మరీ రక్తపాతంగా ఉందని టీవీలో పాటల షో నడిపే డిక్ క్లార్క్ అనడంతో పాటను మెత్తబరిచి మళ్లీ రికార్డు చేశారు. దాన్ని పట్టుకుని 'నిషేధించిన వర్షన్' అంటూ రేటు పెంచేవాళ్లున్నారు. నమ్మకండి, రెండు వర్షన్లూ ఒకే 45కు చెరో వైపు వచ్చాయి.

అపోహ: 'మాన్‌స్టర్ మాష్' జాకర్లీ పాటే.

అసలు పాట బాబీ పికెట్‌ది, 1962లో గార్‌పాక్స్ లేబుల్ మీద వచ్చింది. అదే ఏడాది అదే పేరుతో జాకర్లీ ఎల్పీ (చాలా పాటలుండే పెద్ద రికార్డు) పార్క్‌వే లేబుల్ నుంచి వచ్చింది, గందరగోళమంతా దానివల్లే. పికెట్ సింగిల్ పారట్ లేబుల్‌తో కనిపిస్తే అది తర్వాత మళ్లీ వేసిన రీఇష్యూ. బాగా ఆడిన రికార్డే, కానీ ఫస్ట్ ప్రెస్సింగ్ (మొదటిసారి వేసిన ప్రతి) రేటు పెట్టకండి. లేబుల్ ఒక్కటే కాదు, చివరి గాడికీ లేబుల్‌కూ మధ్య నున్నటి భాగంలో గీసిన మ్యాట్రిక్స్ నంబరును లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి.

అపోహ: రికార్డు మీద హోస్టు పేరుంటే గొంతూ ఆయనదే.

న్యూ ఆర్లీన్స్ హోస్టు మోర్గస్ పేరుతో 1959లో వచ్చిన సింగిల్ పాడింది ఫ్రాంకీ ఫోర్డ్, జెర్రీ బర్న్, తర్వాత డాక్టర్ జాన్‌గా పేరుపడ్డ మాక్ రెబెన్నాక్ బృందం. నిజంగా హోస్టే పాడిన రికార్డు అయితే దాని విలువ వేరు. ఎందుకంటే లైవ్‌గా ప్రసారమైన ఆ హోస్టుల షోలలో చాలావాటికి టేపులే లేవు. వాంపైరా షోలోంచి మిగిలింది కొద్దిపాటి ముక్కలే.

అపోహ: స్పిరిటుతో తుడిస్తే ఏ రికార్డైనా కొత్తదవుతుంది.

ఇది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పాత 78 రికార్డులు షెల్లాక్ అనే లక్కతో చేసినవి, దానికి ఆల్కహాల్ తగిలితే పైపొర కరిగిపోతుంది. తాతగారింట్లో హెచ్ఎంవీ 78లు ఉన్నవాళ్లకూ ఇదే మాట. ఇక 1950, 60ల అమెరికన్ 45లలో చాలా భాగం వినైల్ కాదు, స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్. అంచును గోటితో కొడితే కీచుగా మోగుతుంది, లేబుల్ కాగితం పైన అతికించినట్టు ఉంటుంది. అరిగిన ముల్లుతో ఒక్కసారి వేసినా గాడి చెక్కుకుపోయి బుస్సుమనే శబ్దం ఉండిపోతుంది. ఆ మచ్చ ఏ కడుగుడుకూ పోదు. పీవీసీ కవర్లూ వద్దు, వాటి ఆవిరి వినైల్ మీద మసకగా పేరుకుంటుంది. కామిక్స్‌కు మైలార్ (పాలిస్టర్ ఫిల్మ్) కవరు, వెనక ఆమ్లం లేని అట్ట. కొనేముందు నడిపేజీ తెరిచి పిన్ను చూడండి: తుప్పు కాగితంలోకి పాకితే ఆ గోధుమ మరక తీయలేం.

అపోహ: టీవీ హోస్టు ఎల్వైరా కామిక్స్‌లో పాతవే దొరకవు.

1986లో డీసీ సంస్థ వేసిన 'ఎల్వైరాస్ హౌస్ ఆఫ్ మిస్టరీ' 11 సంచికలు, ఒక స్పెషల్. అవి తేలిగ్గానే దొరుకుతాయి. క్లేపూల్ సంస్థ 1993 నుంచి 2007 దాకా 166 సంచికలు వేసింది. చివరికొచ్చేసరికి అమ్మకాలు పడిపోయాయి కాబట్టి చివరి సంచికలే వెతకాలి.

అపోహ: సంతకం ఉంటే రేటు రెట్టింపు.

జాకర్లీ 98 ఏళ్లు బతికాడు, ముసలితనంలోనూ అభిమానుల సభలకొచ్చి సంతకాలు పెట్టేవాడు, కాబట్టి అవి కరువేం కావు. కామిక్ అయితే, కామిక్స్‌ను పరీక్షించి గ్రేడు ఇచ్చే సీజీసీ సంస్థ మనిషి ఎదుట పెట్టిన సంతకానికే పసుపు లేబుల్ ఇస్తారు. ఎవరూ చూడకుండా పెట్టినదైతే, అసలుదే అయినా, కామిక్ అట్ట మీద గీసిన రాత కిందే చాలాకాలం జమ కట్టేవారు.