ఫవాద్ ఖాన్ సినిమాకు తలుపులు మూసిందెవరు?

పాకిస్తాన్ నటుడు ఫవాద్ ఖాన్, వాణీ కపూర్ జంటగా నటించిన ‘అబీర్ గులాల్’ 2025 సెప్టెంబరు 12న విదేశాల్లో విడుదలైంది. మన దేశంలో కాలేదు. 26న ఇక్కడ కూడా వస్తోందంటూ వార్తలు గుప్పుమన్నాయి. అలాంటి అనుమతేదీ ఇవ్వలేదని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం తేల్చేసింది. ఈలోగా 14న దుబాయ్‌లో భారత్, పాక్ జట్లు ఆసియా కప్ మ్యాచ్ ఆడాయి. పాక్‌తో క్రికెట్ ఆడొచ్చు గానీ, పాక్ నటుల సినిమాలు కూడదా అన్న రచ్చ మళ్లీ మొదలైంది. పాక్ నటి హానియా ఆమిర్‌తో కలిసి నటించినందుకు ఆ జూన్ నుంచి మాటలు పడుతూ వచ్చిన పంజాబీ గాయకుడు, నటుడు దిల్జీత్ దోసాంజ్, కౌలాలంపూర్ కచేరీలో నోరు విప్పారు. తన సినిమా ఫిబ్రవరిలో తీశారని, పహల్గాం దాడి ఆ తర్వాత జరిగిందని, మ్యాచ్‌లు మాత్రం దాడి జరిగాకే ఆడారని గుర్తుచేశారు.

ముందు తీశామా, తర్వాత తీశామా అన్న ఈ వాదన దిల్జీత్‌తో పుట్టలేదు. 2016లో ఫవాద్ ఖాన్ విషయంలోనే పుట్టింది. ఉరీ దాడితో తలుపులు మూసుకున్నాయని కొందరు, పహల్గాంతో మూసుకున్నాయని కొందరు అంటున్నారు. నా లెక్కలో రెండూ కాదు. 2016 అక్టోబరులో ముంబైలో కుదిరిన ఒక బేరం దగ్గరే అసలు మలుపు ఉంది.

అంతకు ముందు కథ చాలామందికి తెలిసిందే. లాహోర్‌లో రాక్ బ్యాండ్, టీవీలో ‘హమ్‌సఫర్’, 2014 జూన్‌లో మొదలైన జీ వారి జిందగీ ఛానల్ ద్వారా భారతీయ ఇళ్లలోకి రాక, అదే ఏడాది ‘ఖూబ్‌సూరత్’, దానికి ఉత్తమ తొలి చిత్ర నటుడిగా ఫిల్మ్‌ఫేర్. 2016 మార్చిలో వచ్చిన ‘కపూర్ అండ్ సన్స్’ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. అందులో స్వలింగ సంపర్కుడైన పెద్ద కొడుకు పాత్రను హిందీ హీరోలు చాలామంది వద్దన్నారని నిర్మాత కరణ్ జోహారే చెప్పారు. సొంత దేశంలో విమర్శలు వస్తాయని తెలిసీ ఫవాద్ ఒప్పుకున్నారు. ఆ పాత్రను ఎక్కడా అతి లేకుండా, నవ్వులాటకు తావివ్వకుండా చేశారు. అప్పటికి ఆయనకు ఇక్కడ ఎదురులేదు.

కరణ్ జోహార్ తర్వాతి సినిమా ‘ఏ దిల్ హై ముష్కిల్’లో ఫవాద్‌ది చిన్న పాత్ర. దాని షూటింగ్ 2015 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య జరిగిందని కరణ్ చెప్పారు. ఆ డిసెంబరు 25న ప్రధాని నరేంద్ర మోదీ కాబూల్ నుంచి తిరిగొస్తూ లాహోర్‌లో దిగారు. ఆరోజు నవాజ్ షరీఫ్ పుట్టినరోజు. ఇంట్లో మనవరాలి పెళ్లి సందడి. ఇద్దరు ప్రధానులూ చేయి చేయి పట్టుకుని నడిచిన దృశ్యం టీవీలన్నీ చూపించాయి. ఒక పాకిస్తానీ నటుడిని సినిమాలో పెట్టుకోవడం అప్పుడు తప్పు కాదు సరికదా, కాలానికి తగ్గ పని అనిపించుకుంది.

2016 సెప్టెంబరు 18న ఉరీ సైనిక స్థావరం మీద ఉగ్రవాదులు దాడి చేశారు. 19 మంది జవాన్లు అమరులయ్యారు. దేశమంతా రగిలిపోయింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. ఐదారు రోజులు తిరక్కుండానే రాజ్ ఠాక్రే పార్టీ మహారాష్ట్ర నవనిర్మాణ సేన పాకిస్తానీ కళాకారులకు 48 గంటల గడువు పెట్టింది. ఫవాద్ చడీచప్పుడు కాకుండా దేశం విడిచి వెళ్లిపోయాడని ఛానళ్లు ఊదరగొట్టాయి.

నిజానికి ఆయన ఇక్కడ లేనే లేరు. జులై నుంచి లాహోర్‌లో ఉన్నారు. భార్య సదాఫ్ నిండు గర్భిణి. టీనేజీలో మొదలైన ప్రేమ, 2005లో పెళ్లి, ఒక కొడుకు, ఇది రెండో కాన్పు. అక్టోబరు 7న ఆయన ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన పెట్టారు. దాన్ని ఇప్పుడు మళ్లీ చదివితే, రెండువైపులా నొప్పించకూడదని ఒక మనిషి ఎంత తంటాలు పడ్డాడో తెలుస్తుంది. బిడ్డ కోసం ఎదురుచూస్తూ జులై నుంచి లాహోర్‌లోనే ఉన్నామన్నారు. గత కొన్ని వారాల విషాద ఘటనల మీద అభిప్రాయం చెప్పమని ఎందరో అడుగుతున్నారన్నారు. ఇద్దరు పిల్లల తండ్రిగా ప్రశాంతమైన లోకం కోసం ప్రార్థిస్తున్నానన్నారు. ఈ విషయంలో నోరు విప్పడం ఇదే మొదటిసారి, ఇంతకుముందు నా పేరుతో ప్రచారమైన మాటలేవీ నావి కావన్నారు. ఉరీ పేరు ఎత్తలేదు, ఉగ్రవాదం అన్న మాటా లేదు. ఇక్కడివాళ్లకు అది చాలలేదు. లాహోర్‌లో పసిబిడ్డతో ఉన్న మనిషి ఇంకో వాక్యం రాస్తే అక్కడ ఏమయ్యేదో ఆలోచించడానికి ఇక్కడ ఎవరికీ తీరిక లేకపోయింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

ఇక్కడ తేదీలు వరసగా చూడాలి. సెప్టెంబరు 29న భారత సైన్యం సర్జికల్ దాడుల సంగతి ప్రకటించింది. అదే రోజు ముంబైలో ఇండియన్ మోషన్ పిక్చర్ ప్రొడ్యూసర్స్ అసోసియేషన్ సర్వసభ్య సమావేశం జరిగింది. పరిస్థితి చక్కబడేదాకా పాకిస్తానీ నటులను, సాంకేతిక నిపుణులను తీసుకోకూడదని తీర్మానించింది. అది నిర్మాతల సంఘం చేసిన తీర్మానం. చట్టం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు కాదు. అక్టోబరు 14న థియేటర్ యజమానుల సంఘం ఇంకో అడుగు వేసింది. మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, గోవాల్లో తమ సింగిల్ స్క్రీన్లలో పాకిస్తానీ నటులున్న సినిమాలు వేయబోమంది. కరణ్ సినిమా విడుదలకు అప్పటికి సరిగ్గా రెండు వారాలు.

18న కరణ్ జోహార్ వీడియో వచ్చింది. నల్ల చొక్కాలో కెమెరా ముందు కూర్చుని, ముఖంలో నవ్వన్నది లేకుండా, రాసుకున్న మాటల్ని ఒక్కొక్కటే అప్పజెప్పారు. తనకు దేశమే ముందన్నారు. ఈ సినిమా తీసినప్పుడు పరిస్థితి వేరు, పొరుగు దేశంతో శాంతి కోసం మన ప్రభుత్వమే ప్రయత్నిస్తున్న రోజులవి అన్నారు. ఇకమీదట ఆ దేశపు కళాకారులతో పనిచేయనన్నారు. యూనిట్‌లో 300 మందికి పైగా భారతీయులు చెమటోడ్చారని, సినిమాను ఆపితే వాళ్లకు అన్యాయం చేసినట్టేనని ప్రాధేయపడ్డారు. ‘ముందు తీశాం’ అన్న వాదన పుట్టింది ఈ వీడియోలోనే. అప్పటికే ఐదు సినిమాలు తీసిన దర్శకుడు, ఆ పరిశ్రమలో పెద్ద నిర్మాణ సంస్థ యజమాని, ఏ నేరమూ చేయకుండానే నేరస్థుడిలా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

20న నిర్మాతలు ఢిల్లీ వెళ్లి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్‌ను కలిశారు. విడుదలకు రక్షణ కల్పిస్తామని ఆయన హామీ ఇచ్చారు. కథ అక్కడే ముగిసి ఉండాల్సింది. సెన్సార్ అయిన సినిమాకు భద్రత ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత, అంతకు మించి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ 22న మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడణవీస్ అధికార నివాసం ‘వర్ష’లో ఇంకో సమావేశం జరిగింది. ఒకవైపు రాజ్ ఠాక్రే, ఇంకోవైపు కరణ్ జోహార్, నిర్మాతల గిల్డ్ తరఫున ముకేశ్ భట్. మధ్యలో ముఖ్యమంత్రి. మూడు షరతులు బయటికొచ్చాయి. సినిమా మొదట్లో అమరవీరులకు నివాళి వేయాలి. ఇకముందు పాకిస్తానీ కళాకారులను తీసుకోకూడదు. ఇప్పటికే తీసుకున్న నిర్మాతలు సైనిక సంక్షేమ నిధికి తలా 5 కోట్లు ఇవ్వాలి.

మూడో షరతు మీద సైన్యంలోంచే అసంతృప్తి వినిపించింది. రిటైరైన సైనికాధికారులు బాహాటంగానే తప్పుబట్టారు. బలవంతపు డబ్బు సైన్యానికెందుకన్నారు. నాటి రక్షణ మంత్రి మనోహర్ పర్రీకర్ కూడా విరాళం స్వచ్ఛందంగా ఉండాలే తప్ప ఎవరి మెడ మీదా కత్తి పెట్టి తీసుకునేది కాదన్న అర్థంలో మాట్లాడారు. సినిమా 28న విడుదలైంది. ఫవాద్ అందులో కాసేపే కనిపిస్తారు.

రాజ్ ఠాక్రే పార్టీ వాదన కూడా చెప్పాలి. సరిహద్దులో జవాన్లు చనిపోతుంటే, ఆ దేశం నుంచి వచ్చి ఇక్కడ కోట్లు గడించేవాళ్లు కనీసం దాడిని ఖండించరా అన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్నలో పస లేదనను. జవాబు రాబట్టే అధికారం వాళ్లకెవరిచ్చారన్నదే నా అభ్యంతరం.

ఆ రోజు ‘వర్ష’లో కుదిరినదానికి చట్టబలం లేదు. అందుకే దాన్ని కోర్టులో సవాలు చేయడానికీ వీల్లేదు, కాలం మారాక ఎత్తేయడానికీ వీల్లేదు. లేని ఉత్తర్వును రద్దు చేసేదెవరు? అప్పటినుంచి హిందీ నిర్మాతలు వాతావరణం చూసుకుని అడుగేయడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటే ఎవరో ఒకరు ధైర్యం చేస్తారు, ఎక్కడో బాంబు పేలితే మునుగుతారు.

పాకిస్తాన్ ఇందులో తక్కువేం తినలేదు. అక్కడి థియేటర్లు 2016 సెప్టెంబరు చివర్లోనే హిందీ సినిమాలను ఆపేశాయి. అక్టోబరు 21 నుంచి ప్రసార నియంత్రణ సంస్థ పెమ్రా టీవీ, రేడియోల్లో భారతీయ కార్యక్రమాలన్నీ బంద్ చేసింది. డిసెంబరులో థియేటర్లు మళ్లీ తెరిచాయి. హిందీ సినిమా లేకపోతే హాళ్లు నడవవని వాళ్లకు అర్థమైంది మరి. 2019లో పుల్వామా, బాలాకోట్ తర్వాత ఆ తలుపూ మూసేశారు. ఫవాద్ విషయానికొస్తే, అవి ఆయనకు ఖాళీ ఏళ్లు. ‘ది లెజెండ్ ఆఫ్ మౌలా జట్’ హక్కుల వ్యాజ్యాలు, కరోనాల మధ్య నలిగి నలిగి 2022 అక్టోబరులో గానీ రాలేదు. వచ్చాక పాకిస్తాన్ సినీ చరిత్రలోనే అత్యధిక వసూళ్లు తెచ్చింది. దాన్ని భారత్‌లో వేయాలని 2022 చివర్లో ఒకసారి, 2024 అక్టోబరులో పంజాబ్ వరకైనా అని ఇంకోసారి ప్రయత్నించారు. రెండుసార్లూ నవనిర్మాణ సేన అడ్డుపడింది, రెండుసార్లూ విడుదల ఆగింది.

మధ్యలో న్యాయస్థానాలు మాట్లాడిన సంగతి చాలామంది మరిచిపోయారు. పాకిస్తానీ కళాకారులను పూర్తిగా నిషేధించాలని ఒక సినీ కార్మికుడు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. దేశభక్తుడు అనిపించుకోవడానికి పొరుగువాళ్లతో శత్రుత్వం పెట్టుకోనక్కర్లేదని చెబుతూ, పాక్ క్రికెట్ జట్టు ప్రపంచ కప్ ఆడటానికి మన దేశం వచ్చిన విషయాన్ని ప్రస్తావించింది. ఆ జట్టు ముందు దిగింది మన హైదరాబాద్‌లోనే. శంషాబాద్‌లో జనం ఆదరంగా స్వాగతం పలికారు. ఉప్పల్‌లో నెదర్లాండ్స్, శ్రీలంకలతో ఆడి వెళ్లింది. పిటిషనర్ సుప్రీంకోర్టుకు వెళితే నవంబరు 28న అక్కడా చుక్కెదురైంది. జస్టిస్ సంజీవ్ ఖన్నా, మన మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ఉన్న ధర్మాసనం, ఇంత సంకుచితంగా ఉండొద్దని ఆయనకు హితవు చెప్పి పంపింది.

‘అబీర్ గులాల్’ నిర్మాతలు ధైర్యం చేసింది ఆ తీర్పు తర్వాతే. 2024 చివర్లో బ్రిటన్‌లో షూటింగ్ చేశారు. 2025 ఏప్రిల్ 1న టీజర్ వదిలారు. మే 9న విడుదలన్నారు. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు పొట్టనబెట్టుకున్నారు. ఈసారి ఫవాద్ ఆలస్యం చేయలేదు. దాడి ఘోరమైనదని, బాధితుల కుటుంబాలకు తన సానుభూతి అని మర్నాడే ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు. 2016లో కోరినదదే. అయినా అప్పటికే సినీ కార్మికుల సమాఖ్య బహిష్కరణ పిలుపు ఇచ్చేసింది. యూట్యూబ్‌లో పాటలు ఇక్కడ కనిపించకుండా పోయాయి. మే 7న ఆపరేషన్ సిందూర్ జరిగిన తర్వాత ఆయన పెట్టిన పోస్టు మాత్రం మిగిలిన కాసింత సానుభూతినీ తుడిచిపెట్టింది. ‘సిగ్గుచేటైన దాడి’లో చనిపోయినవాళ్లకు సంతాపం చెప్పారు, ద్వేషాన్ని రెచ్చగొట్టొద్దని కోరారు, చివర పాకిస్తాన్ జిందాబాద్ అన్నారు. బాంబులు పడిన దేశపు పౌరుడు అంతకంటే భిన్నంగా రాస్తాడని నేననుకోను. పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీకి అది మింగుడుపడుతుందనీ అనుకోను.

మర్నాడు, మే 8న, పాకిస్తాన్‌లో తయారైన సినిమాలు, సీరియళ్లు, పాటలు ఆపేయాలని కేంద్రం ఓటీటీ సంస్థలకు సలహా పంపింది. 2016 నుంచి గాల్లో ఉన్నదానికి మొదటిసారి ఒక కాగితం వచ్చింది. అదీ పాకిస్తాన్‌లో తయారైనవాటికే. భారతీయ దర్శకురాలు ఆర్తి ఎస్. బాగ్దీ తీసి, భారతీయ హీరోయిన్ నటించి, అమిత్ త్రివేది బాణీలు కట్టిన సినిమా దాని కిందికి ఎలా వస్తుందో ఎక్కడా రాసిలేదు.

అనుమానానికి రాతపూర్వక హద్దు లేకపోతే ఏమవుతుందో తెలుగు పరిశ్రమ కూడా ఆ ఏప్రిల్‌లోనే చూసింది. ప్రభాస్ సినిమాలో హీరోయిన్ ఇమాన్వీ పాకిస్తానీ అని సోషల్ మీడియాలో ఎవరో పుట్టించారు. ఆమెను తీసేయాలన్న డిమాండ్లు మొదలయ్యాయి. తాను లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన భారత సంతతి అమెరికన్‌నని, పాక్ సైన్యంతో తన కుటుంబానికి ఏనాడూ సంబంధం లేదని, తెలుగు కూడా మాట్లాడతానని ఆ అమ్మాయి ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

దిల్జీత్ వ్యవహారంలో 2016 మళ్లీ అచ్చంగా జరిగింది. హానియాతో నటించిన ‘సర్దార్‌జీ 3’ జూన్ 27న విదేశాల్లో మాత్రమే విడుదలైంది. ఆ రోజుల్లోనే, అదే సినీ కార్మికుల సమాఖ్య ఆయన్ని బహిష్కరించింది, ‘బోర్డర్ 2’ నుంచి తప్పించమంది. అప్పటికి ఆ సినిమా షూటింగ్ సగంలో ఉంది. నిర్మాత భూషణ్ కుమార్ సమాఖ్య పెద్దలతో మాట్లాడారు. ఇకముందు దిల్జీత్‌ను తీసుకోబోమని ఆయన హామీ ఇచ్చారని, కాబట్టి ఈ ఒక్క సినిమా వరకు సడలింపు ఇచ్చామని సమాఖ్య జులైలో ప్రకటించింది.