లాన్ తీసి కూరమడి కడుతున్నారా? ముందు ఆ గడ్డి ఏ రకమో చూడండి

విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో లాన్ తీసి కూరమడులు కట్టడం నా పని. ఎక్కడికెళ్లినా వినిపించే మాటలివి.

అపోహ: గడ్డి మీద అట్టపెట్టెలు పరిచి మట్టి పోస్తే చాలు, తవ్వక్కర్లేదు.

వాస్తవం: నర్సరీ నుంచి తెచ్చి పరిచిన మెక్సికన్ గ్రాస్ అయితే వెలుతురు అందక చాలావరకు చస్తుంది. కానీ మన లాన్లలో గరిక, తుంగ కలవకుండా ఉండడం అరుదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగిలితే అది తుంగ. పైన పీకితే కింద గడ్డ మిగిలిపోయి మళ్లీ మొలుస్తుంది. అట్టనే కాదు, ప్లాస్టిక్ షీట్‌ను కూడా సూదిలా పొడుచుకొస్తుంది. గరికకు ప్రతి కణుపూ ఒక మొక్కే. టిల్లర్ తిప్పిస్తే దాన్ని ముక్కలు చేసి మడంతా మనమే నాటినట్టు.

అందుకే ఏప్రిల్, మే నెలల్లో గునపంతో జానెడు లోతు తిరగేసి, వేర్లూ గడ్డలూ చేత్తో ఏరి ఎండలో పడేస్తాను. తుంగ గడ్డ బాగా ఎండితేనే చస్తుంది, కాబట్టి పచ్చిగా కంపోస్టు గుంతలో వెయ్యకండి. తర్వాత మడికి నీళ్లు పెట్టి రెండు వారాలు ఆగితే మిగిలినవి మొలుస్తాయి. వాటినీ గడ్డతో సహా తీసి, మళ్లీ నీళ్లు పెట్టాలి. తొందరపడి వంగ నారు నాటేశారా, వేర్లు కదలకుండా తుంగ తీయడం ఎవరి వల్లా కాదు. ఈ ఒక్క చోట దయచేసి ఓపిక పట్టండి.

అపోహ: ఎండ వేడికి కలుపు చావాలని నేలను కప్పాలంటే నల్ల ప్లాస్టిక్కే మంచిది.

వాస్తవం: నేల లోతుగా వేడెక్కేది తెల్లటి, అంటే అవతలిది కనిపించే షీట్ కింద. నేల తడిపి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచాలి. కలుపు విత్తనాలు చాలావరకు పోతాయి. తుంగకు మాత్రం దీన్ని నమ్ముకోకండి.

అపోహ: గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ దాన్ని వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పిల్లలు తినే తోటకూర మడికి అది అసలెందుకు?

అపోహ: గట్టి నేలకు నాగావళి ఇసుక కలపాలి.

వాస్తవం: బంకమట్టిలో కాస్త ఇసుక పడితే ఎండాక ఇంకా బిగుస్తుంది. బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) మూడంగుళాల మందాన వేసి కలపండి. ఉద్దానం ఇసుక నేలకూ ఇదే మందు, తడి నిలుస్తుంది. పచ్చి పేడ వద్దు, వేరుపురుగు చేరుతుంది. పలాస వైపు వాళ్లు జీడిపిక్కల పెంకు మల్చింగ్‌గా (మట్టి మీద కప్పుగా) పరచకండి. దాని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వరిగడ్డి చాలు.

అపోహ: మడి లాన్ మట్టానికే ఉంటే అందం.

వాస్తవం: 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబర్‌లోనే. ఆ నెల వానలకు మట్టంగా ఉన్న మడిలో నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి. అర అడుగు ఎత్తు లేపి, చుట్టూ జానెడు లోతు కాలువ తీయండి. నీరు పోవడానికే కాదు, పక్కన మిగిలిన లాన్‌లోని గరిక మడిలోకి పాకకుండా ఆపేదీ ఆ కాలువే. దాటబోయే తీగల్ని నెలకోసారి పారతో తెంపుతుండాలి.