క్రిస్మస్ కార్డుకు రంగు వేసే ముందు

చిత్తూరు

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

ఈసారి క్రిస్మస్‌కు అంగట్లో కార్డు కొనకుండా మీరే నీటి రంగులతో చేసి పంపాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషం. బొమ్మ ఉన్న రబ్బరు స్టాంపును సిరాతో గుద్దడం, డై అనే లోహపు చట్రంతో కత్తిరించడం ఒక్క పూటలో వచ్చేస్తాయి. చెయ్యి తిరగాల్సింది తడి దగ్గరే. కాగితం ఎప్పుడు తడిగా ఉండాలి, ఎప్పుడు పూర్తిగా ఆరాలి అన్నది పట్టుబడితే కార్డు వచ్చినట్టే.

డ్రాయింగు పుస్తకంలోని కాగితం దీనికి పనికిరాదు. నీళ్లు తగలగానే ఉబ్బి నూగు లేస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్ కలర్ కాగితం తెచ్చుకోండి. అందులో గరుకుగా ఉండేది కోల్డ్ ప్రెస్, నున్నగా ఉండేది హాట్ ప్రెస్. మనకు నున్నటిదే కావాలి. గరుకు కాగితం గుంతల్లోకి స్టాంపు సిరా దిగదు, గీత తెగిపోతుంది. రంగు వెంటనే ఇంకిపోకుండా ఈ కాగితానికి జెలటినో గంజి లాంటిదో పట్టించి ఉంటారు. మన శ్రీకాళహస్తి కలంకారీలో నూలు గుడ్డను కరక్కాయ కషాయం, పాలు కలిపి అందులో నానబెట్టి ఆరబెట్టేదీ అందుకే. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన రంగు పక్కకు పాకదు. కాగితానికి ఈ పూత ఉంది కాబట్టి పెన్సిలు గీతను రబ్బరుతో గట్టిగా రుద్దకండి, పూత లేచిపోయి అక్కడ రంగు మచ్చలా ఇంకుతుంది. నూనె చేతులతోనూ పట్టుకోవద్దు, వేలు పడినచోట రంగు అంటదు.

కాగితాన్ని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో గట్టి అట్టకు అంటించండి. లేకపోతే తడికి వంకర తిరుగుతుంది.

స్టాంపు ముందు, రంగు తర్వాత. సిరా నీటికి చెదరనిదై ఉండాలి. ఆఫీసుల్లో వాడే ఊదా ప్యాడు వద్దు, కుంచె తగిలితే గీతలన్నీ కరిగి పారతాయి. ప్యాడు మీద ఏమి రాసి ఉన్నా సరే, ఒక చిత్తు ముక్క మీద గుద్ది, పది నిమిషాలు ఆగి, సగం మీద తడి కుంచె పోనివ్వండి. చెదరకపోతేనే వాడండి. కొత్త పారదర్శక స్టాంపు మీద సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, రబ్బరుతో పైపైన రుద్దితే సమంగా పడుతుంది. కాగితం కింద పలుచటి నోటుబుక్కు పెట్టి, నిలువుగా ఒత్తి, నిలువుగా లేపండి. అటూ ఇటూ ఊపితే గీత రెండుగా పడుతుంది. స్టాంపు కొనలేకపోతే పెద్ద రబ్బరు మీద నక్షత్రం చెక్కుకోవచ్చు, కట్టరు మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. అక్షరాలు చెక్కితే అద్దంలో కనిపించేలా తిరగేసి చెక్కాలి.

ఇక రంగు. క్రిస్మస్ అలంకరణలో కనిపించే ఎర్రటి మొక్క పాయిన్సెట్టియా, దాని స్టాంపు తీసుకున్నారనుకుందాం. అందులో ఎర్రగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. అసలు పూలు నడుమనున్న చిన్న పసుపు గుత్తి. ఆ ఎరుపు పక్కనే ఆకుపచ్చ వేయాలి, చాలామంది కార్డు చెడేది సరిగ్గా ఇక్కడే. ఆకుపచ్చ అంటే నీలం, పసుపు కలిసినదే. దానికి ఎరుపు తోడైతే మూడు మూల రంగులూ ఒకచోట చేరి బురద రంగు అవుతుంది. ఎరుపు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే ఆకుపచ్చ ముట్టుకోండి. నీళ్లకు రెండు గ్లాసులు పెట్టుకోండి: ఒకటి కుంచె కడగడానికి, ఇంకొకటి రంగు కలపడానికి.

ఆరిందో లేదో చూపును నమ్మకండి. చేతి వెనక వైపు ఆనించండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. మనవైపు నవంబరు, డిసెంబరు వానల్లో గాలి తేమగా ఉండి ఆరడం బాగా ఆలస్యమవుతుంది. హెయిర్ డ్రయ్యరు వాడితే జానెడు దూరం నుంచి వాడండి, నీరు నిలిచి ఉన్నప్పుడు ఊదితే రంగు తోసుకుపోతుంది.

సగం ఆరిన రంగు మీద నీళ్లెక్కువున్న కుంచె పెడితే అంచులు కట్టిన మచ్చ పడుతుంది. కొత్త నీరు పాత రంగును ముందుకు నెట్టి అంచున వదిలేస్తుంది మరి. దిద్దబోతే ఇంకా పెద్దదవుతుంది, వదిలేయడమే మేలు. రాత్రి ఆకాశం వేసేటప్పుడు ఈ గుణాన్నే పనికి పెట్టుకోవచ్చు. నీలం మీద మెరుపు తగ్గుతుండగా చిటికెడు ఉప్పు చల్లండి. ఉప్పు నీటిని లాక్కుని తెల్లటి చుక్కలు వదులుతుంది. బాగా ఆరాక ఉప్పు రాలగొట్టండి. మంచు కొండలే వేయాలని లేదు, శేషాచలం కొండల వరుస వేసి పైన నక్షత్రం పెట్టినా క్రిస్మస్ కార్డే.

డై అంటే అంచు పదునున్న పలుచటి లోహపు చట్రం. పదును వైపు కాగితానికి ఆనేలా పెట్టి, జారకుండా మాస్కింగ్ టేపు ముక్క వేసి, ప్లాస్టిక్ పలకల మధ్య ఉంచి డైతో కత్తిరించే చేతి యంత్రంలో పెట్టి పిడి తిప్పుతారు. దళసరి కాగితం ఒక్కసారికి తెగకపోతే పలకలను తిప్పి పెట్టి మళ్లీ నడపాలి, లేదా ఒక మామూలు కాగితం అదనంగా చేర్చాలి. తడి కాగితాన్ని ఎప్పుడూ పెట్టకండి, అంచు నలిగి చిరుగుతుంది. యంత్రం లేకపోతే బొమ్మ చుట్టూ 2 మిల్లీమీటర్ల తెల్లంచు వదిలి కత్తెరతో కత్తిరించండి. చూడ్డానికి ఏమీ తీసిపోదు.

కార్డుకు 250 జీఎస్ఎం ఏ4 అట్టను సగానికి కోసి, ఒక ముక్కను మడిస్తే 105×148 మిల్లీమీటర్లు వస్తుంది. మడతకు ముందు స్కేలు పెట్టి సిరా అయిపోయిన పెన్నుతో గాడి గీయండి, లేదంటే మడత పగులుతుంది. రంగు వేసిన కాగితం నుంచి టేపును ఏటవాలుగా, నెమ్మదిగా లాగి, 95×138కి కోసి అంటించండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, మందంగా పూస్తే కార్డు ముడతలు పడుతుంది. డబుల్ సైడ్ టేపు మంచిది. డైతో కోసిన పువ్వు కింద ఫోమ్ టేపు ముక్కలు పెడితే పైకి లేచి నిలుస్తుంది.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయిస్తే, దాని మీద రంగులు చేత్తోనే వేశారు. బొమ్మ గీసినది జాన్ కాల్కాట్ హార్స్లీ. మన హార్స్లీ కొండలకు పేరు వచ్చిన కలెక్టరు హార్స్లీ వేరే మనిషి, కలపకండి.

ఈ కార్డుకు 114×162 మిల్లీమీటర్ల కవరు సరిపోతుంది. ఉబ్బెత్తు బొమ్మను కుడి పై మూలకు పెట్టకండి, తపాలా ముద్ర అక్కడే పడుతుంది. లోపల మాట బాల్ పెన్నుతో, అట్ట మీద బొమ్మ అంటించకముందే రాయండి. తప్పు పడితే మార్చేది ఆ ఒక్క అట్టే.

మీ అవ్వ