ఈజ్‌డేల్: రాళ్ల పోటీ వెనకున్న పలకల ఊరు

2025 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని ఈజ్‌డేల్ దీవిలో నీటి మీద రాళ్లు గెంతించే ప్రపంచ పోటీ జరిగింది, అందులో కొందరు రాళ్లను ముందే గుండ్రంగా అరగదీసి తెచ్చారని తేలి వాళ్లను తప్పించారు. ఆ వార్తను చాలామంది నవ్వుకుంటూ షేర్ చేశారు కానీ ఆ రాళ్లేమిటి, వాటిని విసిరే ఆ లోతైన నీటి గుంట ఎలా వచ్చింది అన్నది పెద్దగా ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో అసలు కథ అదే.

ఈజ్‌డేల్ స్కాట్లాండ్ పడమటి తీరంలో, ఓబాన్ పట్టణానికి దక్షిణాన ఉన్న చిట్టి దీవి. దీవంతా పలకరాయే, మన మార్కాపురంలో తవ్వే రాయి జాతిదే. ఇక్కడి పలకలు గ్లాస్గో పెద్ద చర్చి పైకప్పు నుంచి సముద్రం దాటి కెనడాలోని నోవా స్కోషియా దాకా వెళ్లాయి. 1745లో బ్రెడాల్‌బేన్ ప్రభువుల ఆధ్వర్యంలో కంపెనీ పెట్టాక తవ్వకం పెద్ద పరిశ్రమైంది, వందల మంది ఈ కాస్త నేల మీదే కాపురాలు పెట్టారు. పైనున్న రాయి అయిపోయాక ఇంకా ఇంకా కిందికి, సముద్ర మట్టం కన్నా లోతుకి తవ్వుకుంటూ పోయారు, గనుల్లో ఊరే నీళ్లు తోడుకుంటూ పని చేశారు.

1881 నవంబరులో పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం గనుల్లోకి దూకింది. ఆ తర్వాత కొంతకాలం తవ్వకం చిన్న ఎత్తున సాగినా పాత రోజులు మళ్లీ రాలేదు, జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 20వ శతాబ్దం మధ్యకి గుప్పెడు మందే మిగిలారు. తర్వాత బయటివాళ్లు వచ్చి పాడుబడ్డ తెల్లటి పనివాళ్ల ఇళ్లను బాగుచేసుకోవడంతో ఊరు మళ్లీ నిలబడింది. ఇప్పుడు అరవై మంది దాకా ఉంటారు.

పోటీ జరిగేది అలా నీళ్లు నిండిన ఒక గనిలోనే. 1983లో మొదలై, మధ్యలో ఆగి, 1997 నుంచి మళ్లీ నడుస్తోంది, వచ్చే డబ్బు దీవి అవసరాలకే. రాయి ఈ దీవిలో సహజంగా దొరికిన పలకముక్కే అయ్యుండాలి, వెడల్పు మూడు అంగుళాలు దాటకూడదు, కనీసం రెండుసార్లు గెంతాలి, గెలుపు మాత్రం ఎంత దూరం పోయిందన్న దాన్నిబట్టే. అందుకే రాయిని అరగదీయడం నాకు చిన్న తప్పుగా కనిపించదు. దొరికిన రాయితోనే ఆడాలన్నది ఈ ఆటకి ప్రాణం.

పోటీ లేని రోజుల్లో వెళ్లినా చూడ్డానికి చాలా ఉంది. పక్కనున్న సీల్ దీవిలోని ఎల్లెనబీక్ ఊరి నుంచి చిన్న పడవలో కొన్ని నిమిషాల ప్రయాణం. కార్లుండవు, రేవులో వరుసగా పెట్టిన చక్రాల తోపుడు బండ్లలోనే ఇళ్లకి సామాన్లు తీసుకెళ్తారు. గని పనివాళ్ల బతుకు చెప్పే మ్యూజియం ఉంది, ముందు అది చూసి ఆ తర్వాత గనుల దగ్గరికి నడవండి.