మూడు కాగితాలు ఒకచోటికి వస్తేనే చావు వెనుక కథ తెలుస్తుంది

అమెరికాలో ఎవరైనా హత్యకు గురైతే మూడు చోట్ల మూడు కాగితాలు తయారవుతాయి. మరణ ధ్రువీకరణ పత్రంలో వయసు, చావుకు కారణం ఉంటాయి. శవపరీక్ష రిపోర్టులో గాయాలు, ఒంట్లో మద్యమో మందులో ఉన్నాయా అన్నది ఉంటుంది. చంపినవాడు చనిపోయిన మనిషికి ఏమవుతాడు, గొడవ దేని మీద మొదలైంది, అంతకుముందు ఫిర్యాదులున్నాయా అన్నవి పోలీసుల ఫైల్లో ఉంటాయి. చాలాకాలం ఈ మూడూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి, అందుకే ఎంతమంది పోయారో ఆ దేశానికి తెలిసేది కానీ ఏ పరిస్థితుల్లో పోయారో తెలిసేది కాదు.

రోడ్డు ప్రమాదాలకు మాత్రం 1975 నుంచే అక్కడ అలాంటి ఉమ్మడి లెక్క ఉంది. హింసకు లేకపోవడానికి రాజకీయాలూ ఒక కారణం. తుపాకీ గాయాల మీద ప్రజారోగ్య సంస్థ సీడీసీ పరిశోధనకు ఎంత ఖర్చు చేస్తోందో సరిగ్గా అంత, 26 లక్షల డాలర్లు, 1996లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఆ సంస్థ బడ్జెట్‌లోంచి తీసేసింది. చివరికి 2002లో 6 రాష్ట్రాలతో హింసాత్మక మరణాల జాతీయ నమోదు వ్యవస్థ మొదలై, మొత్తం 50 రాష్ట్రాలకు చేరేసరికి 2018 వచ్చింది. హత్యలే కాదు, ఆత్మహత్యలు కూడా ఇందులోకి వస్తాయి. శిక్షణ పొందినవాళ్లు ఫైళ్లన్నీ చదివి, పేర్లు తీసేసి, ఒక్కో మరణానికి 600కు పైగా అంశాల్లో దొరికినవన్నీ నింపుతారు, జరిగింది క్లుప్తంగా రాస్తారు కూడా. ఇక్కడ లెక్క మనిషి చొప్పున కాదు, సంఘటన చొప్పున. భార్యను చంపి తనూ ప్రాణం తీసుకున్నవాడి మరణం, ఆమె మరణం ఒకే రికార్డులో ఉంటాయి.

దీనివల్ల ఏం తెలిసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 నుంచి 2009 దాకా 16 రాష్ట్రాల రికార్డులు తీసి, భార్యాభర్తలు లేదా ప్రేమికుల మధ్య హింసతో ముడిపడిన హత్యలను పరిశోధకులు చూశారు. చనిపోయినవాళ్లలో ఐదింట ఒక వంతు మంది అసలు ఆ జంటలోని వాళ్లే కాదు. వాళ్లలో దాదాపు సగం మంది కుటుంబసభ్యులు, మిగతావాళ్లలో స్నేహితులు, కొత్త భాగస్వాములు, అడ్డుపడిన అపరిచితులు కూడా ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఎందుకంటే దెబ్బలు తిన్న అమ్మాయి పుట్టింటికో స్నేహితురాలి దగ్గరికో చేరితే ఇక గండం గడిచిందనే అందరం అనుకుంటాం. ఆమెకు రక్షణ ఏర్పాటు చేసేటప్పుడు ఆశ్రయమిచ్చిన ఇంటిని, పిల్లలను కూడా అందులో కలపాలని ఈ లెక్క చెబుతోంది.

ఒరెగాన్ రాష్ట్రంలో ఇంకో సంగతి బయటపడింది. ఆత్మహత్య చేసుకున్న వృద్ధుల్లో చాలామంది చివరి నెలలోనే ఏదో ఒక డాక్టర్ని కలిశారు. దాంతో మామూలు జబ్బులు చూసే డాక్టర్లే దిగులును గుర్తుపట్టేలా అక్కడ నివారణ ప్రణాళిక వేశారు.

మన దగ్గరా కాగితాలకు కొదవలేదు. ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు అన్నీ ఉంటాయి. కానీ దేశంలో నేరాల లెక్కలు వేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ హత్యలను ఒక వార్షిక నివేదికలో, ఆత్మహత్యలను ఇంకో దాంట్లో వేస్తుంది, ఒకే ఇంట్లో ఒకే రాత్రి జరిగినా సరే. ఆత్మహత్యలకు కారణాల పట్టికలో ఏటా పైన ఉండేది 'కుటుంబ సమస్యలు'. ఆ రెండు మాటలతో ఏ అధికారి అయినా ఏం చేయగలడు? ఇక అంకెల సంగతి చూస్తే, 2010లో పోలీసు లెక్క ప్రకారం ఆత్మహత్యలు సుమారు 1.35 లక్షలు. ఇంటింటికీ వెళ్లి, మీవాళ్లు ఎలా పోయారని కుటుంబాలను అడిగి వేసిన జాతీయ సర్వే అంచనా మాత్రం 1.87 లక్షలు. ఆత్మహత్యాయత్నమే నేరమని చట్టంలో రాసి ఉన్న రోజులవి, కేసంటే భయపడి ఎన్ని ఇళ్లలో నిజం దాచి ఉంటారో!

నా ఉద్దేశంలో ఒక జిల్లాతో మొదలుపెట్టొచ్చు. పెళ్లయిన 7 ఏళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా తహసీల్దార్ స్థాయిలో విచారణ, పోస్టుమార్టం జరగాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. అంటే కాగితాలు ఎలాగూ తయారవుతున్నాయి. పేర్లు తీసేసి వాటిని కలిపి, అంతకుముందు ఆమె ఏ ఆసుపత్రికి వెళ్లింది, ఏ స్టేషన్ మెట్లెక్కింది, ఎవరు సర్దిచెప్పి వెనక్కి పంపారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాబట్టి, నెలకోసారి జిల్లా వైద్యాధికారి, ఎస్పీ, మహిళా శిశు సంక్షేమ అధికారి ఒకే బల్ల దగ్గర కూర్చుని చదవాలి.