లడ్డూలో పప్పు, బ్రేకులో పెంకు నూనె

తిరుమల లడ్డూ విరిస్తే ముందు కంటపడేది జీడిపప్పే. పిల్లలైతే దాన్నే ఏరుకుని తినేస్తారు. అదే గింజ పెంకులోంచి తీసిన నూనెను బస్సులు, లారీల బ్రేకుల తయారీలో వాడతారంటే చాలామంది ఆశ్చర్యపోతారు. గింజ బరువులో మనం తినే పప్పు దాదాపు పావు వంతే. మిగతాదంతా పెంకు, పొట్టు. దాన్ని పారేసే చెత్త అనుకోవడం పొరపాటు.

ఈ గింజ కాసే జీడిమామిడి చెట్టు పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు మన పడమటి తీరానికి తెచ్చారు. పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ ముంతమామిడి అనే అంటారు. ఎక్కడినుంచో వచ్చినా చిత్తూరు మామిడికి ఇది దగ్గరి చుట్టమే, రెండూ ఒకే వృక్ష కుటుంబం. మామిడికాయ తొడిమ తుంచితే కారే సొన పడి చర్మం పొక్కడం తోటల్లో పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. రజకులు బట్టలకు చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజదీ ఇదే కుటుంబం. ఆ ఘాటు గుణం జీడిమామిడిలో గింజ పెంకులో చేరింది.

ఎండిన గింజను అడ్డంగా కోస్తే ఆ సంగతి కళ్ళకు కడుతుంది. పైన ఒక గట్టి పొర, లోపల ఇంకో గట్టి పొర. రెండింటి మధ్య తేనెపట్టులాంటి చిన్న చిన్న గదులు, వాటినిండా ముదురు రంగు జిడ్డు. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, చర్మం కాలినట్టు పొక్కుతుంది. విత్తనాన్ని పురుగులు, జంతువులు కొరకకుండా చెట్టు కట్టుకున్న కోట అది. షాపులో పచ్చి జీడిపప్పు అని అమ్మేది కూడా ఆవిరి పట్టో, వేయించో పెంకు ఒలిచినదే.

ఆ జిడ్డులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడి చేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. పరిశ్రమకు కావలసింది ఇదే. కార్డనాల్ అణువులో ఒక పక్క ఫినాల్ వలయం అనే ఉంగరంలాంటి భాగం, దానికి 15 కార్బన్ల పొడవాటి తోక ఉంటాయి. వలయం ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో కలిసి గట్టి రెసిన్, అంటే ప్లాస్టిక్‌లాంటి బంక, అవుతుంది. తోకది నూనె స్వభావం కాబట్టి ఆ రెసిన్ పెళుసుబారదు, నీటిని లోపలికి రానివ్వదు. అందుకే వార్నిష్‌లు, పెయింట్లు, పడవలకు పూసే పూతల్లో దీన్ని వాడతారు. ఈ రెసిన్‌నే గట్టిపరిచి పొడి చేసి బ్రేక్ లైనింగ్‌లో, అంటే బ్రేకులో రాపిడి తగిలే పట్టీలో, కలుపుతారు. 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డులాంటి దారిలో బండి మలుపు మలుపుకీ బ్రేకు వేస్తూ దిగాలి. అంత రాపిడికి లైనింగ్ సలసల కాగుతుంది. అప్పుడు కూడా బ్రేకు పట్టు నిలకడగా ఉండటానికి, కీచుమనకుండా ఉండటానికి ఈ పొడి సాయపడుతుంది. నూనె తీసేశాక మిగిలిన పిప్పి కూడా బాయిలర్లలో మంటకు పనికొస్తుంది.

ఇంత విలువైన నూనే కూలి చేతుల్ని కాలుస్తుంది. పలాసలాంటి చోట్ల గింజలు ఒలిచే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చేతులకు బూడిదో, ఆముదమో పూసుకుని పనిచేయడం ఈ వృత్తిలో పాత అలవాటు. మంచి గ్లౌజులు, మిషన్లు ఇవ్వడం యజమానుల బాధ్యత. తినే ప్రతి పప్పు వెనకా ఆ వేళ్ళున్నాయి.

ఇక పండు. ఎర్రగా, పసుపుగా వేలాడేది వృక్షశాస్త్రం ప్రకారం పండే కాదు, ఉబ్బిన పువ్వు కాడ. కింద వేలాడే గింజే అసలు కాయ. ముందు అది పెరుగుతుంది, ఆ తర్వాతే కాడ ఉబ్బి రసం నింపుకుంటుంది. ఆ రసంలో విటమిన్ సి నారింజ కంటే సుమారు అయిదు రెట్లు ఉంటుంది. గోవాలో దీంతోనే ఫెనీ అనే సారా కాస్తారు. మన దగ్గర మాత్రం చాలా తోటల్లో గింజ తుంచుకుని పండును చెట్టు కిందే వదిలేస్తారు. కారణాలు రెండు. ఒకటి, టానిన్ల వల్ల నాలుక పట్టేసే వగరు. రెండు, కోశాక ఒక్క రోజుకే చెడిపోవడం. వగరుకు మందు వంటింట్లోనే ఉంది. సగ్గుబియ్యం జావ కలిపితే అందులోని పిండి టానిన్లను పట్టుకుని అడుగుకు చేరుతుంది, పైన తేటరసం మిగులుతుంది.

చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. తోతాపురి జోరు జూన్, జూలైలలో. జీడిమామిడి పండేది మార్చి నుంచి మే దాకా, అంటే ఈ మిషన్లకు పెద్దగా పని లేని రోజుల్లో. జీడి తోటల దగ్గరే రసం పిండి, తేర్చి, మరిగించి పంపే ఏర్పాటు చేస్తే డబ్బాల్లో నింపే పని ఈ ఫ్యాక్టరీలు చేయగలవు. అప్పుడు గింజ ధర పడిపోయిన ఏడాది కూడా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి.